పింగాణీ కప్పు చెప్పెడి పాఠము

ఉర్దూలో "చీనీ" అనగా చీనా పాత్రయు, చక్కెరయు. తెలుగులోని "పింగాణీ" పారసీక భాషలో గిన్నెకు గల పేరునుండి వచ్చినది. "చాయ్" అను మాట పారసీకుల ద్వారా, "టీ" అను మాట చీనా రేవులనుండి సముద్రమార్గమున లోకమునకు వ్యాపించినవి. మన కళాశాలలోని రెండు భాషలును ఒక్క కప్పులో కలిసియున్నవి.

తేయాకు, పింగాణీ కలిసియే ప్రయాణించినవి. తేయాకు తేలిక, తడి తగిలిన చెడును. పింగాణీ బరువు, నీటికి చెడదు. కావున కాంటన్ రేవులో ఓడ అడుగున పింగాణీని పేర్చి, పైన తేయాకు పెట్టెల నుంచెడివారు. 1752లో మునిగిన గెల్డర్‌మాల్సెన్ అను డచ్చి ఓడనుండి 1985 ప్రాంతమున లక్షన్నర వరకు పింగాణీ వస్తువులు వెలికి వచ్చినవి. 1784లో ఇంగ్లండు తేయాకుపై పన్నును 119 శాతమునుండి పన్నెండున్నరకు తగ్గించగా, అచ్చట అది సామాన్యునికి మరింత చేరువైనది.

మన తీరమునకు చీనా పాత్రలు అంతకు పూర్వమే వచ్చినవి. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. నెల్లూరు తీరమందలి కొత్తపట్నం తవ్వకములలో చీనా పాత్రల పెంకులు లభించినవి. గోల్కొండనుండి మచిలీపట్నం పోవు పాతబాట మన పెనుగంచిప్రోలు మీదుగానే సాగినది. తేనీటి అలవాటు మాత్రము ఇరవయ్యవ శతాబ్దమున, తేయాకు వ్యాపారుల ప్రచారముతో, మన దేశమున వ్యాపించినది. నేడు నందిగామలోనైనను, జగ్గయ్యపేటలోనైనను టీ లేని పలకరింపు అరుదు.

అయితే ఈ కప్పు చరిత్రలో చేదును కలదు. ఇత్తడిని తోమి శుద్ధి చేయవచ్చుననియు, పింగాణీ మట్టి గనుక దానికి మడి లేదనియు కొన్ని ఇండ్లలో తలంచిరి. అందుచే పరమతస్థునకై వేరొక కప్పును గూటిలో నుంచెడివారు. టీ దుకాణములలో దళితులకు వేరు గ్లాసు పెట్టెడి రెండు గ్లాసుల పద్ధతి తెలుగునాట అనేక గ్రామములలో నడచినది. రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. 1955 నాటి చట్టము దానిని నేరముగా శిక్షించుచున్నది. సుమారు 1300 డిగ్రీల వేడిమిలో కాలి గాజువలె బిగిసిన పింగాణీ ఏ మరకను పీల్చుకొనదు. మరకలను పీల్చుకొనునది మన మనస్సే.

కళాశాల సంఘమువారికి మా విన్నపము ఒక్కటి. అతిథులకు పింగాణీ, విద్యార్థులకు గాజు, ఊడ్చువారికి మరియొకటి అను భేదము మన సభలలో ఎన్నడును ఉండరాదు. పింగాణీ పగులును, ఖర్చు హెచ్చు అందురేని, అధ్యక్షుల వారికిని గాజు గ్లాసులోనే ఇవ్వవలెను. సోదర విద్యార్థులారా! మన ఇంటి గూటిలో వేరుగా నుంచిన కప్పు ఏదైన ఉన్నచో, దానిని తక్కిన కప్పులతో కలిపి పెట్టుదము.