చలానా కట్టినా చిక్కు తీరలేదు

ఆంధ్ర సరిహద్దులో చివరి మండల కేంద్రం తడ. ఇక్కడినుంచి కాస్త దూరం పోతే ఆరంబాకం, ఆపైన అంతా తమిళనాడు. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం నెల్లూరు జిల్లానుంచి తిరుపతి జిల్లాలోకి మారినా, ఊరి బతుకు మాత్రం ఒకప్పటి 5వ నంబరు, ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి మీదనే సాగుతోంది. మద్రాసుకు లోడు తోలే లారీ డ్రైవర్లు, శ్రీసిటీ కార్మికులను చేరవేసే ఆటోవాళ్ళు, పులికాట్ చేపలు, రొయ్యలు మోసే చిన్న వ్యానులవాళ్ళు ఎందరో. రైతుకు పట్టాదారు పాసుపుస్తకం ఎటువంటిదో వీరికి డ్రైవింగ్ లైసెన్సు అటువంటిది.

అటువంటి లైసెన్సు విషయంలో వీరు చూపుతున్న అశ్రద్ధ ఆందోళన కలిగిస్తోంది. పోలీసువారు కేసు రాస్తే ఫైన్ కట్టి రశీదు జేబులో పెట్టుకోవడం, లేదా యజమానే కట్టి ఆ సొమ్మును బత్తాలో కోసుకోవడం రివాజైపోయింది. టోలుగేటు రుసుము కట్టినట్టే దీన్నీ కడుతున్నారు. ఏ సెక్షను కింద రాశారో, దానివల్ల లైసెన్సుకు ఏమవుతుందో అడిగేవాడు లేడు. చెప్పేవాడు అంతకంటే లేడు.

చట్టం మాత్రం ఫైన్‌తో ఆగడం లేదు. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణల ప్రకారం హెల్మెట్ లేకుండా మోటారు సైకిలు నడిపినా, ముగ్గురెక్కినా 1000 రూపాయల జరిమానాతోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత ఉంది. అతివేగం కేసు రెండోసారి పడితే లైసెన్సునే స్వాధీనం చేసుకోవాలని ఉంది. పోలీసు అధికారి దానిని రవాణా శాఖకు పంపితే, ఆ శాఖ విచారించి మొదటి తప్పుకు మూడు నెలలు అనర్హత వేయవచ్చు, మరోసారి అయితే లైసెన్సునే రద్దు చేయవచ్చు. తిరిగి ఇవ్వాలంటే పునశ్చరణ శిక్షణ పూర్తి చేయాలి. సరకుల బండిలో మనుషులను ఎక్కించడం, అధిక లోడు, సెల్‌ఫోను మాట్లాడుతూ నడపడం, ఎర్ర దీపం దాటిపోవడం, తాగి నడపడం వంటి వాటికి మూడు నెలలకు తక్కువ కాకుండా లైసెన్సు సస్పెండు చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలను ఆదేశించింది. నాట్ల కాలంలో కూలీలను ట్రాలీ ఆటోలో కుక్కి తీసుకుపోయే వాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

మూడు నెలలంటే ఉద్యోగస్తునికి పెద్ద లెక్క కాకపోవచ్చు. ఆటో ఫైనాన్సు వాయిదా నెల నెలా కట్టవలసినవానికి అది మూడు వాయిదాల ఎగవేత. దాంతో చాలామంది చేసే పని, సస్పెన్షన్‌లో ఉండగానే బండి తీయడం. ఇది మరింత ప్రమాదం. అనర్హతలో ఉండి నడిపితే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ సమయంలో ఏ ముసలివాడో రోడ్డు దాటుతూ బండి కింద పడ్డాడనుకుందాం. డ్రైవరు అనర్హుడన్న కారణం చూపి బీమా కంపెనీ తప్పుకోజూస్తుంది. నష్టపరిహారం భారం బండి యజమాని నెత్తిన పడే అవకాశం ఉంది. బత్తాలో వంద రూపాయలు కోసుకొని సంతోషించే యజమానులు ఈ సంగతి గమనించడం మంచిది.

కెమేరాలు వచ్చాక మరో చిక్కు వచ్చిపడింది. ఫోటో తీసేది బండి నంబరును. నోటీసు పోయేది రిజిస్టరైన యజమాని ఫోనుకు. నడిపినవాడెవడో యజమానే చెప్పాలని చట్టం. పాత మోటారు సైకిలు కొని పేరు మార్పించుకోని వాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. తప్పు ఒకరిది, చలానా ఎప్పుడో అమ్మేసిన వానిది. ఇటువంటి కెమేరా కేసుల్లో 15 రోజుల్లోగా నోటీసు పంపాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. సరిహద్దు దాటితే సరిపోతుందనుకునే రోజులు కూడా పోయాయి. వాహనాలకు, లైసెన్సులకు దేశమంతటా కంప్యూటరు లెక్కలున్నాయి. గుమ్మిడిపూండి దగ్గర పడిన కేసు సూళ్ళూరుపేటలో కనిపించకుండా పోదు. హైదరాబాదులో అయితే 2017 ఆగస్టు 1న పాయింట్ల పద్ధతే ప్రవేశపెట్టారు. రెండేళ్ళలో 12 పాయింట్లు పడితే ఏడాది సస్పెన్షన్ అన్నారు.

తప్పు చేసినవారిని వదిలిపెట్టమని ఎవరూ కోరడం లేదు. ఈ రోడ్డు మీద పోయిన ప్రాణాలు చాలు. అయితే శిక్ష ఏమిటో శిక్ష పడేవానికి తెలియాలి గదా! లైసెన్సు తీసుకున్న అధికారి దానికి రశీదు ఇచ్చి తీరాలి. అయితే అనర్హత కోసం పంపే లైసెన్సు విషయంలో, అది తిరిగి వచ్చేదాకా ఆ రశీదుతో బండి నడపడానికి వీల్లేదు. అనర్హత వేసేముందు డ్రైవరు వాదన వినాలి. కారణాలు కాగితం మీద రాయాలి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. లైసెన్సుపై కోర్టు రాయించిన ఎండార్సుమెంటు సైతం జీవితాంతం ఉండేది కాదు. మూడేళ్ళపాటు కొత్తది పడకపోతే మచ్చలేని లైసెన్సు అడిగే హక్కు ఉంది. ఈ మాటలన్నీ ఇంగ్లీషు సెక్షన్లలో ఉండిపోవడంవల్ల ఏజెంట్ల పాలవుతున్నాయి.

పోలీసు, రవాణా శాఖల అధికారులు వెంటనే రెండు పనులు చేయాలి. చలానా రాసేటప్పుడు అది కేవలం ఫైనా, లైసెన్సుకు కూడా ఎసరా అన్నది తెలుగులో ఒక వాక్యం చెప్పాలి. తడ బస్టాండు వద్ద, ఆటో స్టాండులో, శ్రీసిటీ గేటు ముందు పై వివరాలతో బోర్డులు పెట్టించాలి. లారీ యజమానులు కూడా నోటీసు తమ ఫోనుకు వచ్చిన రోజే ఆ డ్రైవరుకు చూపించాలి. అతడు ఒప్పుకొని కట్టాలో, కోర్టులో తేల్చుకోవాలో అతడినే నిర్ణయించుకోనివ్వాలి.