ఫ్లాట్ రెడీ.. మరి ట్రాన్స్‌ఫార్మర్?

కొత్త కరెంటు కనెక్షన్ గడువులను కేంద్రం 2024 ఫిబ్రవరిలో తగ్గించింది. మెట్రో నగరాల్లో 7 రోజుల నుంచి 3కి, మున్సిపాలిటీల్లో 15 నుంచి 7కి, గ్రామీణ ప్రాంతాల్లో 30 నుంచి 15కి. వినడానికి బాగానే ఉంది. కానీ ఆదిలాబాద్, నిర్మల్ మధ్య హైవే మీదున్న ఇచ్చోడ నడిబొడ్డులో 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ కడుతున్నారనుకోండి. ఈ 15 రోజుల లెక్క అక్కడ నడవదు.

ఎందుకంటే ఆ గడువు వర్తించేది పక్కనే స్తంభం, దాని మీద లైను, ఆ లైనుకు మరికొంత లోడు మోసే సత్తా ఉన్న ఇంటికి. లైను పొడిగించాల్సి వచ్చినా, కొత్త సబ్‌స్టేషన్ పెట్టాల్సి వచ్చినా ఆ పని అయ్యాకే సరఫరా, లేదంటే నియంత్రణ మండలి పెట్టిన గడువులోగా అని 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. అపార్ట్‌మెంట్‌కు దాదాపు ప్రతిసారీ ఈ రెండో దారే.

లెక్క చూద్దాం. ఏసీ, గీజరు, ఫ్రిజ్ కలిపి ఒక్కో ఫ్లాటుకు 5 కిలోవాట్లు అనుకుంటే మొత్తం 100. అందరూ అన్నీ ఒకేసారి వెయ్యరు కాబట్టి సగం, అంటే 50 తీసుకుందాం. లిఫ్టు, బోరు మోటారు, కారిడార్ లైట్లకు ఇంకో 10. మొత్తం 60 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.9 అయితే ఇది సుమారు 67 కేవీఏ. (కేవీఏకీ కిలోవాట్‌కీ తేడా మాలాంటి ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్లు చాలామంది పరీక్ష రాసిన మర్నాడే మర్చిపోతారు, అది వేరే సంగతి.) 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ చాలదు, 100 కావాలి. ఖర్చు తగ్గుతుందని 63తో సరిపెడితే ఏమవుతుంది? ఆదిలాబాద్ జిల్లా మే నెల సంగతి తెలిసిందే కదా. రాత్రి పదింటికి 20 ఇళ్లలో ఏసీలు ఒకేసారి ఆన్ అవుతాయి. అప్పుడు 'సగమే వాడతారు' అన్న లెక్క పోతుంది, ఫ్యూజూ పోతుంది.

వీధిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచే తీగ లాగితే సరిపోదా? అదే 60 కిలోవాట్లు 415 వోల్టుల లైనులో రావాలంటే సుమారు 93 ఆంపియర్లు పారాలి. 11 కేవీ లైనులో అయితే మూడున్నర చాలు. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే 11 కేవీ లైనును కాంపౌండ్ దాకా తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే పెడతారు. అలా చేయకపోతే ఆ వీధి చివరి ఇళ్లకు లో వోల్టేజీ తప్పదు. ఫ్లాటు కొనని వాళ్లు కూడా నష్టపోతారన్నమాట.

ఈ పనికయ్యే సమంజసమైన ఖర్చును దరఖాస్తుదారు నుంచి వసూలు చేసుకునే అధికారం డిస్కంకు 46వ సెక్షన్ ఇచ్చింది. బిల్డర్ కడతాడు, తర్వాత అది కొనేవాళ్ల మీదకే వస్తుంది. పని రెండు రకాలుగా జరగొచ్చు: ఎస్టిమేట్ డబ్బు కడితే టీజీఎన్‌పీడీసీఎల్ చేస్తుంది, లేదా దాని పర్యవేక్షణలో లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ టర్న్‌కీ పద్ధతిలో చేస్తాడు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఈ రెండో దాన్ని పట్టించుకోవాలి. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కు వైర్‌మన్ పర్మిట్, డిప్లొమా, బీటెక్ ఈఈఈ వాళ్లకు సూపర్‌వైజర్ పర్మిట్ ఇచ్చేందుకు రాష్ట్రంలో ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఉంది. జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ ఈ పర్మిట్ ఊసే ఎత్తనివాళ్లు ఎంతమందో.

ఇక కొనేవాళ్ల సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ రాకముందే తాళాలు ఇచ్చేసి, నిర్మాణం కోసం తీసుకున్న టెంపరరీ కరెంటు మీదే ఇళ్లు నడిపించే పద్ధతి ఒకటుంది. దాని రేటు ఇంటి రేటు కన్నా ఎక్కువ. సొంత సర్వీసు నంబర్ లేకపోతే 200 యూనిట్ల గృహజ్యోతి కూడా రాదు. మరోవైపు బ్యాంకు ఈఎంఐ మాత్రం ఆగదు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే కనెక్షనా, ఫ్లాటుకో మీటరా అన్నది మెజారిటీ యజమానులు కోరినట్టే జరగాలని 2024 సవరణ చెబుతోంది. 20 ఫ్లాట్ల బిల్డింగ్‌కు నా ఓటు విడి మీటర్లకే. ఒక్కరు బిల్లు ఎగ్గొడితే అందరికీ కరెంటు పోయే తలనొప్పి ఉండదు.

డిస్కం ఆలస్యం చేస్తే రోజుకు రూ.1,000 దాకా జరిమానా వేయొచ్చని 43వ సెక్షనే చెబుతోంది. ఫిర్యాదు మొదట వినియోగదారుల ఫోరానికి, అక్కడ తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్తుంది. కాకపోతే చట్టం దృష్టిలో దరఖాస్తు పూర్తయ్యేది కట్టాల్సిన చార్జీలు కట్టాకే. బిల్డర్ ఎస్టిమేట్ డబ్బు కట్టకుండా 'డిపార్ట్‌మెంట్ వాళ్లే లేటు చేస్తున్నారు' అంటే ఆ గడువు ఇంకా మొదలే కానట్టు. ఫ్లాటుకు అడ్వాన్స్ ఇచ్చేముందు టైల్స్ రంగుతో పాటు రెండు కాగితాలు అడగండి: ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏదో రాసి ఉన్న మంజూరైన ఎస్టిమేట్, ఆ డబ్బు కట్టిన తేదీ ఉన్న రసీదు.