కాలిపోయిన చిత్రం

1954 నవంబరు 30న బ్రిటన్ ప్రధాని చర్చిల్‌కు 80 ఏళ్లు నిండాయి. లండన్ వెస్ట్‌మినిస్టర్ హాలులో పార్లమెంటు ఉభయసభల సభ్యులు ఆయనకో తైలవర్ణ చిత్రం కానుకగా ఇచ్చారు. గీసినవాడు గ్రాహం సదర్లాండ్. యుద్ధం గెలిపించిన వీరుణ్ని చూద్దామని వచ్చినవాళ్లకు అందులో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకు కూర్చున్న, అలసిన ముసలాయన కనిపించాడు. ఇది ఆధునిక కళకు గొప్ప ఉదాహరణ అని చర్చిల్ వేదిక మీదే అంటే సభ గొల్లుమంది. ఆ నవ్వు నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. చిత్రకారుడి కష్టం అక్కడ పరిహాసం పాలైంది.

ఆ చిత్రాన్ని బయట ఎక్కడా వేలాడదీయలేదు. చర్చిల్ భార్య క్లెమెంటైన్ దాన్ని నాశనం చేయించిందన్న సంగతి, 1977లో ఆమె మరణించాకే లోకానికి తెలిసింది. అది కళా విధ్వంసమన్నాడు సదర్లాండ్.

చర్చిల్ ప్రధానిగా ఉండగా వచ్చిన బెంగాల్ కరువును తలచుకుంటే ఆయన మీద మన కోపం మనకుంది. అయినా ఆ కాన్వాసు మిగిలి ఉండాల్సిందనే నేనంటాను. నాయకుణ్ని పొగడకుండా, తిట్టకుండా చూసిన కళ్లు సదర్లాండ్‌వి. ఈ సంచికను మన రూపచిత్రకారులకు కేటాయించడానికి కారణం ఆ కళ్లే. కాన్వాసు పోయినా, దానికోసం సదర్లాండ్ ముందుగా వేసుకున్న చిత్తు చిత్రాలు కొన్ని లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఇంకా ఉన్నాయి.