కిరాయి బతుకులు – 7: ఎండ మాకు, సబ్సిడీ ఓనర్‌కు

నాచారంలో డ్యూటీ దిగి, ఉప్పల్‌లో టు-లెట్ బోర్డు చూసి గేటు కొడితే మొదట అడిగేది అడ్వాన్స్ కాదు. "మీరేమిట్లు?" మాదిగోళ్లమనగానే రూమ్ "నిన్ననే ఇచ్చేసినం". కులం దాచకుండా దొరికేది డాబా మీది రేకుల గది.

ఆ ఎండకే 2024లో కేంద్రం పీఎం సూర్యఘర్ తెచ్చింది. మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ. కానీ సొంత ఇల్లుండాలె. ఉడికేది మేము, పైసలు ఓనర్ ఖాతాల. సోలార్ పెట్టించినమని రేపు కిరాయి పెంచితే? పెంచొద్దన్న షరతే లేదు.

గృహజ్యోతి కిరాయిదారులకూ ఉందంటరు. నిజమే. నాలుగు గదులకు ఒకటే మీటరైతే 200 యూనిట్లు దాటవా? దాటితే మొత్తం బిల్లు మా నెత్తినే.

సబ్బు కొన్నా జీఎస్టీ కట్టేటోళ్లం, అడుగుతున్నం: గదికో మీటరియ్యండి. సబ్సిడీ తీసుకునే ఓనర్‌తో కులం అడగనని, కిరాయి పెంచనని రాయించుకోండి.