శూన్యగృహంలో ప్రేక్షకుడు

చిత్రం చూచి వెలుపలికి వచ్చిన ప్రేక్షకుని నోట మొదట వెలువడేది వివరణ కాదు, తీర్పు. బాగున్నది, బాగులేదు అన్న రెండు మాటలలో ఏదో ఒకటి పలికి అతడు తన పని తీరినదనుకుంటాడు. తక్కిన చిత్రాల విషయంలో ఈ అలవాటు వల్ల పెద్ద నష్టం లేకపోవచ్చును. భయానక చిత్రం దగ్గర మాత్రం ఇది చిక్కు తెచ్చిపెడుతుంది. అక్కడ చిత్రం మంచిచెడ్డలతో పాటు చూచినవాని ధైర్యం కూడ విచారణకు వస్తుంది. భయపడినానన్నవాడు పిరికివాడనిపించుకుంటాడు, భయం కలగలేదన్నవాడు రసజ్ఞత లేనివాడనిపించుకుంటాడు. ఇద్దరూ క్రమంగా తమకు నిజంగా తోచినది దాచి, పదిమందిలో పరువు నిలిపే మాట చెప్పడం నేర్చుకుంటారు.

కెనడా దేశీయుడు కైల్ ఎడ్వర్డ్ బాల్ తీసిన 'స్కినమరింక్' అన్న చిత్రంపై వెలువడిన అభిప్రాయాలు ఈ విషయాన్ని ఆలోచించడానికి అనువైనవి. ఈ చిత్రం 2022లో మాంట్రియల్ నగరంలో జరిగిన ఫాంటాసియా చలనచిత్రోత్సవంలో మొదట ప్రదర్శితమై, 2023 జనవరిలో అమెరికాలోని సినిమాహాళ్లకు వచ్చినది. నిర్మాణవ్యయం సుమారు 15,000 డాలర్లు. చిత్రీకరణ కోసం భవనమేదీ కట్టలేదు. ఎడ్మంటన్ నగరంలో దర్శకుడు తాను పెరిగిన ఇంటిలోనే దానిని తీసినాడు. కథ 1995లో జరుగుతుంది. ఆరేండ్ల కేలీ, నాలుగేండ్ల కెవిన్ అక్కాతమ్ముళ్లు. ఒక రాత్రి వారు మేలుకొనేసరికి తండ్రి కనిపించడు. ఇంటి తలుపులూ కిటికీలూ మాయమవుతాయి. చీకటిలో టెలివిజన్ వెలుగు, పాత కార్టూన్ల చప్పుడు, ఎక్కడినుండో పిలిచే ఒక గొంతు - కథకు సామగ్రి దాదాపు ఇంతే. నూరు నిమిషాల చిత్రంలో పిల్లల ముఖాలు సరిగా కనిపించేది చాల అరుదు. కనిపించేవి గోడమూలలు, పైకప్పు, నేలమీద చెదరిన ఆటవస్తువులు.

ఈ చిత్రం ప్రేక్షకులను రెండుగా చీల్చినది. ఏమీ జరగని చిత్రమని, గోడలు చూపి కాలం హరించినారని, చీకటిలో ఏమున్నదో తెలియక విసుగు పుట్టినదని ఒక వర్గం చెప్పినది. చిన్ననాడు నడిరాత్రి మేలుకొని ఒంటరిగా విన్న ఇంటి చప్పుళ్లు తిరిగి వినిపించినవని, ఇంతటి భయం మరే చిత్రంలోనూ ఎరుగమని మరొక వర్గం చెప్పినది. సాధారణ ప్రేక్షకులకంటె విమర్శకులు దీనిని ఎక్కువగా మెచ్చినారు. ఇంతవరకు తప్పేమీ లేదు. ఆ పిమ్మట ఒకరి అభిప్రాయాన్ని మరొకరు ఖండించిన తీరే విచారింపదగినది. విసుగన్నవారికి ఓపిక లేదని వీరు, భయమన్నవారిది నటన అని వారు నిందించుకున్నారు. చిత్రం పక్కకు తొలగి, చూచినవారే విమర్శకు వస్తువులైనారు.

భారతీయ అలంకారశాస్త్రంలో ఈ వివాదానికి పనికివచ్చే కొలబద్ద ఉన్నది. భరతుని నాట్యశాస్త్రం భయానక రసానికి భయాన్ని స్థాయిగా, నలుపును వర్ణంగా చెప్పినది. ఆ రసాన్ని పుట్టించే విభావాలలో వికృతమైన ధ్వనులను, భూతదర్శనాన్ని, శూన్యగృహంలో ప్రవేశించడాన్ని పేర్కొన్నది. కనుక పాడుబడిన ఇల్లు నేటి చిత్రదర్శకులు కనిపెట్టిన వస్తువు కాదు. చౌకగా లభించే సామగ్రి కనుక మాత్రమే వారు దానిని ఆశ్రయిస్తున్నారనడం కూడ సరికాదు. మనిషికి రక్షణ ఇవ్వవలసిన చోటే రక్షణ లేకపోవడం భయానికి మూలమన్న సత్యం అందులో ఉన్నది. కెవిన్, కేలీల ఇల్లు పాడుపడినది కాదు. తండ్రి లేనందువల్ల శూన్యమైనది. ఈ భేదాన్ని గుర్తించిన ప్రేక్షకుడు చిత్రాన్ని మెచ్చినా మెచ్చకపోయినా దానిని చూచినవాడే.

భరతుని గ్రంథానికి వ్యాఖ్య వ్రాసిన కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు మరొక అడుగు ముందుకు వేసినాడు. రసానుభవానికి అడ్డువచ్చే విఘ్నాలు ఏడని ఆయన లెక్కించినాడు. జరుగుతున్నది నమ్మదగినదిగా లేకపోవడం వానిలో మొదటిది. గ్రహించడానికి తగిన సాధనాలు చాలకపోవడం, స్పష్టత లేకపోవడం కూడ విఘ్నాలే. చీకటిలో ఏమీ తెలియలేదన్న ప్రేక్షకుని ఆక్షేపణ ఈ దృష్టితో చూస్తే తోసివేయదగినది కాదు. దానికి శాస్త్రబలం ఉన్నది. అయితే ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగిపోవడం కూడ విఘ్నమేనని ఆ పండితుడే అన్నాడు. చిత్రం చూచి తన బాల్యభయాలే జ్ఞాపకం వచ్చి వణికినవాడు ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి: భయపెట్టినది చిత్రమా, తన జ్ఞాపకమా? చిత్రమే నేర్పుతో ఆ జ్ఞాపకాన్ని మేల్కొలిపినదంటే, ఏ దృశ్యంతో, ఏ ధ్వనితో మేల్కొలిపినదో చూపాలి. ఈ విధంగా ఒకే శాస్త్రం ఇరువర్గాలనూ ప్రశ్నిస్తున్నది; ఎవరికీ తేలికైన విజయం ఇవ్వడం లేదు.

చూచిన పరిస్థితిని చెప్పకుండా ఇచ్చే అభిప్రాయం కూడ అసంపూర్ణమే. ఈ చిత్రం సినిమాహాళ్లకు రాకముందే దొంగతనంగా బయటికి పొక్కి ఎందరో చూచినారు. గుసగుసలమీద, మసకవెలుగుమీద ఆధారపడిన చిత్రాన్ని పట్టపగలు సెల్‌ఫోనులో చూచినవాడూ, చీకటి హాలులో పెద్ద తెరమీద చూచినవాడూ ఒకే వస్తువును గురించి మాట్లాడుతున్నారనుకోవడం పొరపాటు. ఎండలో దీపం పెట్టి వెలుగు లేదన్నవాని మాట అబద్ధం కాదు. దానితో దీపం గుణం మాత్రం తేలదు.

ఇక వ్యయం సంగతి. తక్కువ ధనంతో తీసినారు కనుక మెచ్చుకోవాలని కొందరు, అందుకే ఇట్లున్నదని కొందరు అంటారు. రెండూ విమర్శ కావు. ఓరెన్ పెలి తీసిన 'పారానార్మల్ యాక్టివిటీ' కూడ మొదట సుమారు 15,000 డాలర్లతో, శాన్ డియేగోలోని దర్శకుని సొంత ఇంటిలో తయారైనదే. 2009లో విస్తృతంగా విడుదలై అది 19 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించినది. 'స్కినమరింక్' ఆర్జన సుమారు 20 లక్షల డాలర్లు. పెట్టుబడి ఒకటే అయినా ఫలితాలలో ఇంత అంతరం ఉన్నది. వసూలును బట్టి ఒకటి గొప్పదని, రెండవది తక్కువదని తేల్చడం అంగడి లెక్క. దారిద్ర్యం కళకు గుణమూ కాదు, దోషమూ కాదు. ఉన్న కొద్దిపాటి సామగ్రిని ఏ ప్రయోజనానికి వాడినారన్నదే ప్రశ్న. పెలి పడకగదిలో కెమెరాను కదలకుండా నిలిపి, తలుపు కదులుతుందేమోనని ప్రేక్షకుని ఎదురుచూడజేసినాడు. బాల్ తలుపునే లేకుండా చేసినాడు. ఈ రెండు పద్ధతులను పోల్చి చెప్పగలిగితే అది విమర్శ.

పాఠశాలలలో సాహిత్యం బోధించేవారికి ఇందులో పని ఉన్నది. పద్యం మీదనో కథ మీదనో అభిప్రాయం అడిగినప్పుడు విద్యార్థి ఉపాధ్యాయుని ముఖం చూచి, ఏది చెబితే మార్కులు వస్తాయో అదే చెబుతాడు. తరగతిలో ఒకడు భయం వేసినదని చెప్పగానే తక్కినవారు నవ్వితే, వాడు ఆ రోజుతో తన మనస్సును నమ్మడం మానుకుంటాడు. విసుగు పుట్టినదని చెప్పినవానిని మొద్దు అని కసరితే, వాడు జీవితాంతం ఇతరుల మెప్పునే వల్లిస్తాడు. ఇద్దరినీ ఆపి, ఏ చోట భయం వేసినది, ఏ చోట విసుగు మొదలైనది, అంతకుముందు తెరమీద ఏమున్నది అని అడిగితే చాలు. అప్పుడు వారు మళ్లీ చిత్రం వైపు చూస్తారు. మాటకు కారణం కావాలన్న సంగతి వారికే తెలుస్తుంది.

తనకు కలిగినది నిజంగా చెప్పడం అభిప్రాయానికి మొదటి ధర్మం; దాని కారణాన్ని కృతిలో చూపడం రెండవది. తీర్పు మూడవది. నేడు జరుగుతున్నదల్లా మూడవదానిని ముందుకు తెచ్చి మొదటి రెండింటినీ వదలివేయడమే. చీకటి ఇంటిలో పిల్లవాడు భయమని ఏడ్చినప్పుడు అక్కడ ఏమీ లేదని గద్దించే పెద్దలు కొందరు, దీపం తెచ్చి ఏమున్నదో చూద్దామనే పెద్దలు కొందరు. విమర్శ నేర్పదలచినవారు ఈ రెండవ కోవకు చెందవలసి ఉన్నది.