అవ్వకూ పాపకూ ఒకే పెనం

తమిళనాడులో విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి దాకా రోడ్డుకు ఇరువైపులా నల్లరేగడి నేలే. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, బడిలో తమిళం చదువుకుంటూ తరతరాలుగా బతుకుతున్న కుటుంబాలు ఈ కరిసల్ (నల్లరేగడి) సీమలో ఊరూరా ఉన్నాయి. వాళ్ల పూర్వుల వలసను ‘గోపల్ల గ్రామం’ నవలగా చెప్పిన కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్. ఈ సీమ వంటిళ్లలోకీ ఇప్పుడు వాఫిల్ అడుగుపెడుతోంది. చెన్నైలోనో బెంగళూరులోనో కాపురముండే కూతురు పుట్టింటికి వస్తూ గళ్లగళ్ల పెనం ఒకటి వెంట తెస్తుంది. ఏడెనిమిది నెలల బిడ్డకు గుమ్మడికాయ కలిపి వాఫిల్ చేసిపెడతానంటుంది. పసిబిడ్డకు ఇదేం తిండమ్మా అని అవ్వ అడుగుతుంది.

అవ్వ అడగడంలో తప్పు లేదు. బజారు వాఫిల్ అంటే మైదా, చక్కెర, పైన చాక్లెట్ పాకం. కూతురు చేయబోయేది అది కాదు. గుమ్మడి గుజ్జు, సజ్జపిండి, ఒక గుడ్డో కాస్త పెరుగో, చెంచాడు నువ్వుల నూనె. ఇందులో ఆ ఊరి సంతలో దొరకనిది ఒక్కటీ లేదు, పెనం ఒక్కటే కొత్తది. ఆ మాటకొస్తే పచ్చగుమ్మడి కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చి మన పెరటి పాదులకెక్కినదే. కోవిల్‌పట్టికి పేరు తెచ్చి, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన పల్లీ పట్టీలోని వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. వచ్చినదాన్ని మన నేలకూ నాలుకకూ తగినట్టు మలచుకోవడం మనకు అలవాటే.

గుమ్మడి గురించి ఈ సీమవాళ్లు గుర్తుంచుకోవలసిన మనిషి ఒకరున్నారు. ఎట్టయపురం దగ్గరి వడమలాపురంలో 1918లో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా ఆ చేతులతోనే కంటి ఆపరేషన్లు చేశారు, 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచారు. ఇది చాలామందికి తెలిసిన కథే. అంతకు ఐదేళ్ల ముందు, 1971లో, విటమిన్ ఎ లోపంతో చూపు పోగొట్టుకుంటున్న పిల్లల కోసం ఆయన చొరవతో మదురైలో ఒక పోషకాహార పునరావాస కేంద్రం మొదలైంది. దాని గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ. శుక్లం కమ్మిన కంటికి ఆపరేషన్‌తో చూపు తేవచ్చు. ఆ విటమిన్ లేక నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోయాక ఎంతటి వైద్యుడూ చేయగలిగింది లేదు. ఆ చూపును ముందుగా కాపాడవలసింది తిండే. మునగాకు, తోటకూర, బొప్పాయి, పచ్చగుమ్మడి. కంటి డాక్టరు పిల్లల కంచంలోకి తొంగిచూడడం వెనక ఇంత ఉంది.

1970 నుంచి మన దేశంలో చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ ద్రావణం పోస్తున్నారు. దాని వెనక హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. ఆ చుక్కలు తప్పక వేయించాలి. అయితే పూటపూటా పడే తిండిని అవి భర్తీ చేయలేవు. గుమ్మడికి పసుపు రంగునిచ్చే, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు తోడు కావాలి. ఉత్త నీళ్లలో ఉడికించి మెదిపి పెట్టే తల్లులు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. నూనెలు, పప్పుల టోకు వ్యాపారానికి పేరుపడ్డ విరుదునగర్ పక్కన ఉండి, చెంచాడు నువ్వుల నూనె బిడ్డకు కరువు కాకూడదు.

సజ్జలు ఈ వానాధారపు నేల తిండి. తెల్లన్నం పండగపూట మాత్రమే కనబడిన రోజుల్లో ఇక్కడివాళ్లను నిలబెట్టినవి సజ్జలూ జొన్నలే. ఇనుము బియ్యంలో కంటే సజ్జల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తమిళనాడులో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. ఏ వైపు చూసినా తెలుగు ఇళ్లకు ఊరటనిచ్చే అంకె లేదు. సజ్జవంటకం తిన్నాక ఓ జామపండు ముక్కో కమలా తొనో నలిపి పెడితే ఆ ఇనుము ఇంకాస్త బాగా ఒంటబడుతుంది.

ఇక చేసే పద్ధతి. గుమ్మడి చెక్కు తీసి ముక్కలను ఇడ్లీ పాత్రలో ఆవిరిమీద ఉడికించాలి. నీళ్లలో ఉడికిస్తే గుజ్జు పలచబడి వాఫిల్ పెనానికి అతుక్కుపోతుంది. ఒక గిన్నెడు గుజ్జుకు ఒక గిన్నెడు పిండి, అందులో సగం సజ్జ, సగం గోధుమ. సజ్జపిండికి జిగి లేదు, ఒక్కటే వాడితే విరుగుతుంది. పైగా నాలుగు రోజులు నిలవుంటే చేదెక్కుతుంది కాబట్టి కొద్దికొద్దిగానే పట్టించుకోవాలి. ఇడ్లీ పిండి ఉన్న ఇంట్లో గోధుమపిండి బదులు రెండు గరిటెలు అదే కలిపితే సోడా అక్కరలేకుండా పైన కరకర, లోపల మెత్తన. పెనం నుంచి ఆవిరి రావడం తగ్గినప్పుడు తెరవాలి, అంతకుముందు తెరిస్తే రెండుగా చీలుతుంది. వేలంత పొడవు ముక్కలు కోస్తే పాప గుప్పిట్లో పట్టుకుని తింటుంది. ఆ గళ్లు పసిచేతికి మంచి పట్టు. పాప నిటారుగా కూర్చుని ఉండాలి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

ఈ వంటలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది, ఇది ఇంటిల్లిపాదికీ ఒకటే కావడం. ఉప్పు వేయకముందే పాప వంతు పిండి తీసి పక్కన పెట్టాలి. ఏడాదిలోపు బిడ్డకు ఉప్పు అక్కరలేదు, తేనె అసలే కూడదు. రెండేళ్లు దాటేదాకా చక్కెరా బెల్లమూ వద్దు, గుమ్మడి తీపి చాలు. మిగిలిన పిండిలో ఉప్పు, కరివేపాకు, మిరియాలపొడి వేస్తే పెద్దవాళ్ల పలహారం. మూడేళ్ల అన్నకు పైన వేయించిన పల్లీల పొడి. గింజలుగా మాత్రం ఐదేళ్లలోపు పిల్లలకు పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. పళ్లు కదిలే అవ్వకు పాప వంతులోంచే మెత్తని ముక్క. అందరూ తినేదే తనూ తింటున్నానని బిడ్డ కళ్లతో చూసి నేర్చుకుంటుంది. డబ్బా పిండికీ పొట్లం బిస్కెట్టుకూ ఆ బలం లేదు.

విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ ముఖ్యమంత్రిగా 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. 1982లో ఎంజీఆర్ దాన్ని విస్తరించారు. 2022 సెప్టెంబరులో మదురైలో ఉదయపు పలహారమూ మొదలైంది. బడికెళ్లే పిల్లకు ప్రభుత్వం కంచం పెడుతోంది. ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య బిడ్డకు కంచం పెట్టవలసింది ప్రధానంగా ఇల్లే. దేశంలో ఆ వయసు పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది 11 శాతానికే అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. పేదరికం ఒక కారణం, కాదనలేం. కానీ గుమ్మడి చవకైన కాయ. చాలా ఇళ్లలో అసలు లోటు తల్లికి తీరికా, తోడూ లేకపోవడం. తండ్రులూ తాతలూ పిండి కలపడం నేర్చుకోవాలి.

ఇంట్లో వాఫిల్ పెనం లేదని దిగులుపడి కొననక్కరలేదు. ఇదే పిండి పణియారపు గుంటల్లో పోయవచ్చు, దోసె పెనం మీద చిన్న అట్టుగా వేయవచ్చు. రాయలసీమలో గుంత పొంగణాల పెనం లేని ఇల్లు అరుదు. అంగన్‌వాడీల్లో తల్లులను కూర్చోబెట్టి నెలకోసారైనా ఇలాంటి వంట ఒకటి చేసి చూపించాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అధికారులనూ, తమిళనాడు అధికారులనూ కోరుతున్నాం. ఈ వారం సంతకు వెళ్లినప్పుడు ఒక గుమ్మడి బద్ద తెచ్చుకోండి.