తిన్నది గుజ్జు, మిగిలింది టెంక

"ఎన్నటికీ నశించని రసాయనాలను సూక్ష్మజీవులు ఆరగిస్తున్నాయి" అన్న ధోరణి శీర్షిక కనబడినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఒక్క అనువాదపదం కోసం పుటలకొద్దీ వాదులాడుకున్న మిత్రులం కదా, ఈ తగవు కూడా మీ ముందే పెడుతున్నాను.

విమాన ఇంధనపు మంటలను ఆర్పే ఫ్లోరిన్ నురుగు సంగతి ఇది. 1960లలో అమెరికా నౌకాదళమూ త్రీఎం సంస్థా కలిసి రూపొందించాయి. 1967లో ఫారెస్టల్ యుద్ధనౌక మీద 134 మందిని బలిగొన్న అగ్నిప్రమాదం దాని వాడకానికి ఊతమిచ్చింది. అది ప్రాణాలు కాపాడిందనడంలో నాకు పేచీ లేదు. పేచీ అంతా నేలలోకి ఇంకిన తరువాతి కథతోనే.

త్రీఎం నురుగులో పీఎఫ్ఓఎస్ నేరుగానే ఉండేది. 2000లో ఆ సంస్థ దాని తయారీని విరమిస్తున్నట్లు ప్రకటించింది. ఆ స్థానాన్ని ఆక్రమించిన ఫ్లోరోటెలోమర్ నురుగులలో పీఎఫ్ఓఎస్ లేదన్నారు. నిజమే! కాని ఆ అణువును తాటిపండుగా ఊహించండి. హైడ్రోజన్, నత్రజని, గంధకం ఉన్న భాగం గుజ్జు. ఫ్లోరిన్ కవచం తొడుక్కున్న కర్బనశృంఖల టెంక. మట్టిలోని బాక్టీరియా గుజ్జును శుభ్రంగా తినివేస్తుంది. టెంక మొదట 6:2 ఫ్లోరోటెలోమర్ సల్ఫోనేటుగా, ఆపైన పొట్టి పెర్‌ఫ్లోరో ఆమ్లాలుగా నిలిచిపోతుంది. ఈ పొట్టి ఆమ్లాలు మట్టిని అంటిపెట్టుకొని ఉండవు. నీటివెంట సులభంగా సాగిపోతాయి. ప్రయోగశాల నివేదికలో మాత్రం మూలపదార్థం "తగ్గింది" అని ఉంటుంది. తగ్గినది పేరు మాత్రమే కాదూ?

ఈ మాయను బయటపెట్టే ఉపాయమూ ఉన్నది. 2012లో బర్కిలీకి చెందిన హౌట్జ్, సెడ్‌లాక్ అనే పరిశోధకులు, కంటపడకుండా దాగిన పూర్వపదార్థాలను బలవంతంగా ఆక్సీకరించి లెక్కతేల్చే పద్ధతిని ప్రచురించారు. అయినా మూలపదార్థాన్ని మాత్రమే కొలిచి చేతులు దులుపుకునేవారికి కొదువ లేదు.

టెంకను కొరికే జీవి లేనే లేదా? ఉన్నది, దానికి నమస్కారం. 2019లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హువాంగ్, జాఫే, న్యూజెర్సీ చిత్తడినేలలో దొరికిన ఎసిడిమైక్రోబియం ఏ6 గురించి రాశారు: 100 రోజులలో పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్‌లు 60 శాతం వరకు తొలగాయి, ద్రావణంలో ఫ్లోరైడు కనబడింది. ఫ్లోరైడు కనబడడమే అసలు సాక్ష్యం. అయితే ఆ జీవికి ప్రాణవాయువు తగలకూడదు. అమ్మోనియమూ ఇనుమూ అందాలి. సీసాలో జరిగినది మైదానంలో దానంతటదే జరుగుతుందని నమ్మబలకడమే నాకు గిట్టనిది.

"ప్రకృతే చూసుకుంటుంది" అన్న మాట నమ్మి మట్టిని తవ్వకుండా వదిలితే ఆ నీరు తాగేవారి గతేమిటి? స్వీడన్‌లోని రొన్నెబి ప్రాంతాన్ని చూడండి. వైమానిక స్థావరంలో వాడిన నురుగు భూగర్భజలానికి చేరిందని 2013 డిసెంబరులో తెలిసింది. అక్కడి నీటికేంద్రాన్ని మూసివేశారు. 2023 డిసెంబరులో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానం, రక్తంలో ఈ రసాయనాలు అధికంగా చేరడమే శరీరానికి జరిగిన హాని అని తీర్పు చెప్పింది. వారి రక్తంలో చేరినది టెంకే.

అందుచేత ఫ్లోరైడు లెక్క చూపని పరిశోధనను పరిచయం చేసేటప్పుడు నేను "విచ్ఛిన్నం" అని రాయను, "రూపాంతరం" అనే రాస్తాను. ఇంతకన్న బిగువైన మాట ఎవరికైనా తోస్తే వ్యాఖ్యలో తెలుపగలరు.